తుప్పెరుగని అలుగు

కత్తంటే ఉక్కే అని నమ్మే మనిషి ఒకరు. ఇనుము లేని లోహంతోనూ మంచి కత్తి పుడుతుందనే మనిషి ఇంకొకరు. మొదటాయన బాలానగర్‌లో హీట్ ట్రీట్‌మెంట్ షాపులో పనిచేసి రిటైరైన మేనమామ. రెండో ఆమె సరుకు ఓడల మీద ఇంజనీరుగా తిరిగే మేనకోడలు. వాదమంతా కోబాల్ట్ కత్తుల గురించి. అమెరికాలో కొద్దిమంది తయారీదారులు స్టెల్లైట్, టాలొనైట్, డెండ్రిటిక్ కోబాల్ట్ అనే మిశ్రలోహాలతో వీటిని చేశారు. సముద్రపు నీటిలో నానినా వీటికి తుప్పు పట్టదు. ఆ గుణం కోసం ఉక్కును వదులుకోవచ్చా అన్నదే ఇద్దరి మధ్య తగాదా.

మావయ్య: నీ సంచిలో ఉన్న కత్తి చూశాను తల్లీ. దాని గట్టిదనం రాక్‌వెల్ సీ కొలతలో 45 అన్నావు. మా షాపుకి అలాంటి కత్తి వస్తే మళ్లీ ఫర్నేసులో పెట్టేవాళ్లం. వంటింటి కత్తికైనా 55 కావాలి, మేలురకం కత్తి 60 దాటాలి. 45 అంటే స్ప్రింగులకు ఇచ్చే గట్టిదనం. అంత మెత్తటి లోహానికి పదును పెట్టడం తేలిక, నిలబెట్టడం కష్టం. తుప్పు పట్టకపోవడం మంచి గుణమే, కాదనను. కానీ కత్తికి మొదటి ధర్మం కోయడం.

మేనకోడలు: మీ అంకెలో తప్పు లేదు మావయ్యా. ఆ యంత్రం దేన్ని కొలుస్తోందో చూడాలి. వజ్రపు మొనను లోహంలోకి నొక్కి, అది ఎంత లోతు దిగిందో చూస్తుంది. ఆ మొన కింద మెత్తటిదీ గట్టిదీ కలిసే అణుగుతాయి, మనకు దక్కేది సగటు. స్టెల్లైట్ 6కే అనే రకంలో సుమారు 30 శాతం క్రోమియం, 4.5 శాతం టంగ్‌స్టన్, 1.6 శాతం కార్బన్ ఉంటాయి. మిగతాదంతా దాదాపు కోబాల్టే. ఆ కార్బన్ క్రోమియంతో కలిసి కార్బైడ్ రేణువులుగా గడ్డకడుతుంది. మీరు 60కి తెచ్చిన ఉక్కు కన్నా ఆ రేణువులు ఎంతో కఠినం. వాటిని పట్టి ఉంచే కోబాల్ట్ మెత్తనైనా మొండిది. ఒత్తిడి పడేకొద్దీ దాని పైపొర బిగుసుకుంటుంది. తాడు మీద కత్తి నడిపినప్పుడు రాపిడిని భరించేవి ఆ రేణువులే. కొలతలో 45 ఉన్న అలుగు తాళ్లు కోసే పనిలో పేరు తెచ్చుకున్నది అందుకే.

మావయ్య: రేణువులు కఠినమే కావచ్చు. వాటి వెనక ఉన్న లోహం వంగితే అవీ దానితోపాటే వంగుతాయి కదా? వాదర చివర వెంట్రుకలో వందో వంతు మందం కూడా ఉండదు. పక్కనుంచి కొంచెం ఒత్తిడి తగిలితే నీ కోబాల్ట్ వాదర మడతపడుతుంది. ఉక్కు 60లో ఉంటే ఆ ఒత్తిడికి నిలబడుతుంది. అరుగుదలకు తట్టుకోవడం ఒకటి, వంగకుండా నిలవడం ఇంకొకటి. నువ్వు మొదటిదాని గురించే మాట్లాడుతున్నావు.

మేనకోడలు: ఒప్పుకుంటాను. ఎముక కొట్టడానికి, కర్ర నరకడానికి, మూత పెకలించడానికి ఇది పనికిరాదు. దీనితో కత్తులు చేసినవాళ్లకూ ఆ సంగతి తెలుసు, అందుకే వాదర వెనక మరీ పలచన చేయకుండా కాస్త మందం ఉంచుతారు. మీరు వాదర పోయే దారులు రెండు చెప్పారు: అరగడం, మడతపడటం. మూడోది ఉంది. అదే తుప్పు. కంటికి ఎర్రగా కనిపించే తుప్పు గురించి కాదు నేను చెప్పేది. వాదర చివర ఒక మైక్రాను కన్నా సన్నగా ఉంటుంది. ఉప్పునీటి తేమ ఒక రాత్రి దాని మీద ఉంటే, మరక కనబడకముందే ఆ చివర కొంత పోతుంది. పొద్దున ఎవరూ వాడని కత్తి మొద్దుబారి ఉంటుంది. నేను బతికేది ఆ గాలిలోనే. అక్కడ కత్తి కోతల వల్ల పాడయ్యేదాని కన్నా ఊరికే ఉండి పాడయ్యేది ఎక్కువ.

మావయ్య: దానికి మందు 1913లోనే దొరికింది. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోతున్నాయని వేరే ఉక్కు వెదుకుతూ, సుమారు 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్న ఉక్కు పోతపోయించాడు. పరీక్ష కోసం ఆమ్లం రాస్తే దాని మీద మచ్చ పడలేదు. షెఫీల్డ్ కత్తుల ఊరు కాబట్టి ఆయన వెంటనే కత్తి గురించి ఆలోచించాడు. మొదట చేసిన కత్తులు సరిగా కోయలేదు. కోయని కత్తులు కనిపెట్టినవాడని ఆయన్ను ఎద్దేవా చేశారు. చివరికి మోస్లీ కంపెనీలో ఎర్నెస్ట్ స్టువర్ట్ అనే మేనేజరు ఆ ఉక్కుకు తగిన వేడి ఎంతో పట్టుకున్నాడు. అంతే, అదే ఉక్కు మంచి కత్తయింది. లోపం ఆ లోహంలో లేదు, దానికిచ్చిన వేడిలో ఉంది. మా వృత్తికి అంతకన్నా గౌరవం ఇంకేం కావాలి? నూరేళ్లకు పైగా లోకమంతా ఆ స్టెయిన్‌లెస్‌తోనే కోస్తోంది. కొత్తగా కోబాల్ట్ దేనికి?

మేనకోడలు: కోబాల్ట్ కొత్తది కాదు మావయ్యా, బ్రియర్లీ కన్నా ముందుది. ఇండియానా రాష్ట్రంలో కొకోమో అనే ఊళ్లో ఎల్వుడ్ హేన్స్ ఉండేవాడు. 1894 జులై 4న తను తయారు చేయించిన గుర్రంలేని బండిని ఆ ఊరి రోడ్డు మీద నడిపి, అమెరికాలో మొదటి తరం కార్ల తయారీదారుల్లో ఒకడయ్యాడు. చదువుకునే రోజుల్లోనే ఉక్కు మీద టంగ్‌స్టన్ ప్రభావం గురించి థీసిస్ రాసినవాడు. క్రోమియంతో నికెల్‌ను, కోబాల్ట్‌ను కలిపి చూసి 1907లో పేటెంట్లు తీసుకున్నాడు. 1910లో అమెరికన్ కెమికల్ సొసైటీ ముందు ఆ లోహాల గుణాలు వివరించాడు. భోజనాల బల్ల మీద నల్లబడని కత్తులూ చెంచాలూ కావాలని భార్య అడిగిందని, ఆ పరిశోధనకు అది ఒక ప్రేరణ అని చెబుతారు. అంటే ఈ లోహం పుట్టుకలోనే కత్తి ఉంది.

మావయ్య: ఆ కథ చివరిదాకా చెప్పు మరి. టంగ్‌స్టన్ కలిపాక ఆ లోహం ఎంత గట్టిపడిందంటే సుత్తితో సాగకుండా పోయింది. హేన్స్ దాన్ని లేత్ పనిముట్లకు మళ్లించాడు. 1912లో కొకోమోలో స్టెల్లైట్ కంపెనీ పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్లు తరిణె పట్టడానికి ఆ పనిముట్లు విరివిగా వాడారు. ఎర్రగా కాలినా గట్టిదనం వదలని గుణం దానిది, నేనూ మెచ్చుకుంటాను. 1920లో ఆ కంపెనీ యూనియన్ కార్బైడ్ చేతికి వెళ్లింది. తరువాత సిమెంటెడ్ కార్బైడ్ వచ్చి లేత్ మీద దాని స్థానాన్ని చాలావరకు తీసుకుంది. అప్పుడు స్టెల్లైట్ ఇంజను వాల్వుల అంచులకూ రంపపు పళ్లకూ పూతగా, అతుకుగా నిలిచింది. అదే కుటుంబం నుంచి వచ్చిన వైటాలియంతో 1938లో బోస్టన్‌లో స్మిత్-పీటర్సన్ అనే డాక్టరు తుంటి కీలుకు గిన్నె అమర్చాడు. ఈవేళ మన ఊళ్లలో మోకీళ్ల మార్పిడి ఆపరేషన్లలో వాడే లోహం కూడా ఎక్కువగా ఆ జాతిదే. కోబాల్ట్‌కు అంత పెద్ద సంసారం ఉంది. అందులో కత్తి లేదు. కనిపెట్టినవాడే కత్తిని వదిలేస్తే నువ్వెందుకు పట్టుకుంటావు?

మేనకోడలు: మీరు చెప్పిన గుణాలే తరవాతి కత్తుల తయారీదారుల్ని పిలిచాయి కాబట్టి. ఒంట్లోని ఉప్పు ద్రవాల్లో ఏళ్ల తరబడి తుప్పు పట్టకుండా, రాపిడికి అరగకుండా ఉండే లోహం సముద్రంలో ఎందుకు పనికిరాదు? కంపెనీలు స్టెల్లైట్ 6బీ, 6కే రకాల్ని రేకులుగా సాగదీసి అమ్మడం మొదలుపెట్టాక, చేత్తో కత్తులు చేసేవాళ్లకు దారి తెరుచుకుంది. రేకు కోసి, ఇసుక పట్టీల మీద అరగదీసి అలుగు తీస్తారు. 1990ల చివర టాలొనైట్ వచ్చింది. రంపపు పళ్ల వ్యాపారంలో ఉన్న కార్బైడ్ ప్రాసెసర్స్ దాన్ని కత్తులవాళ్లకు అందించింది. మోంటానాలో రాబ్ సైమనిచ్ ఆ లోహంతో కత్తులు చేసి దానికి పేరు తెచ్చాడు. హవాయిలో టామ్ మేయో టైటానియం పిడికి టాలొనైట్ అలుగు అమర్చి మడత కత్తులు చేశాడు. ఆయన ఉండేది నాలుగు వైపులా సముద్రం ఉన్న చోట. ఆ కత్తిలో తుప్పు పట్టే ప్రధాన భాగమే లేదు.

మావయ్య: రేకు కొని అరగదీయడాన్ని కత్తి చేయడం అంటావా? కొలిమి లేదు, దాగలి లేదు, సుత్తి దెబ్బ లేదు, నూనెలో ముంచడం లేదు, టెంపరింగ్ లేదు. ఉక్కు సంగతి వేరు. అదే ముక్క ఒకరి చేతిలో గాజులా పెళుసవుతుంది, ఇంకొకరి చేతిలో ముప్ఫై ఏళ్లు నిలిచే కత్తవుతుంది. 1,050 డిగ్రీలకు బదులు 1,100కి పోతే ఏం జరుగుతుందో, టెంపరింగ్ తొందరగా ఆపితే ఏం జరుగుతుందో తెలియాలి. ఆ తెలివే మా బతుకు. మీ లోహానికి ఆ తెలివి అక్కర్లేదు. వేడి చేసి చల్లార్చితే అది ఉక్కులా గట్టిపడదు కూడా.

మేనకోడలు: తెలివి పోలేదు, చోటు మారింది. ఈ లోహం మామూలు డ్రిల్లుకు లొంగదు. ఇసుక పట్టీలను మింగేస్తుంది. పిడికి బెజ్జం వేయడానికి కార్బైడ్ డ్రిల్లు కావాలి, ఓపిక కావాలి. గట్టిదనాన్ని వేడితో పెంచుకునే వీలు లేదు కాబట్టి, తయారీదారుకు చేతిలో మిగిలేది ఆకారం ఒక్కటే. అలుగు మందం, వాలు, వాదర కోణం ఏ పనికి ఎంత ఉండాలో కచ్చితంగా తెలియకపోతే ఆ కత్తి కోయదు. పదును పట్టేటప్పుడు మీరు నీళ్లు చల్లుకుంటూ భయపడతారు కదా, వాదర కాలి టెంపర్ పోతుందని? ఇక్కడ ఆ భయం లేదు. ఎర్రగా కాలినా గట్టిదనం వదలదని మీరే అన్నారు.

ఇక డేవిడ్ బోయ్ అనే కత్తుల తయారీదారు ఉన్నాడు, ఆయన రేకు కూడా కొనలేదు. 1977లో కత్తుల తయారీ మీద అంచెలంచెలుగా నేర్పే పుస్తకం రాసి, అమెరికాలో ఎందరికో ఆ విద్య మొదటిసారి చెప్పినవాడు. తరువాత 440సీ ఉక్కుతో, ఆపైన కోబాల్ట్ మిశ్రలోహంతో అలుగుల్ని పోతపోయించాడు. మైనం నమూనా చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోసే పద్ధతి అది. మన పంచలోహ విగ్రహాల స్థపతులు వాడే పద్ధతే. అలా పోసిన లోహం చల్లారుతూ కొమ్మలు కొమ్మలుగా గడ్డకడుతుంది, డెండ్రిటిక్ అనే పేరు దానివల్లే. ఆ కొమ్మల సందుల్లో కార్బైడ్లు వలలా పేరుకుంటాయి. సుత్తితో కొట్టి, రోలర్లలో నలిపి ఆ వలను చెదరగొట్టకుండా బోయ్ అలాగే ఉంచాడు. వాడేకొద్దీ మెత్తటి లోహం కాస్త ముందు అరిగి, కార్బైడ్లు సన్నటి పళ్లలా పైకి తేలతాయి. తాడు, వల, నార పట్టుకుని కోసేది ఆ పళ్లే. పడవలవాళ్ల కోసం ముడులు విప్పే మొలతో సహా ఆయన చేసిన మడత కత్తులు అందుకే పేరు పొందాయి. ఇంకో సంగతి, కోబాల్ట్ విడిగా అయస్కాంతానికి అంటుకుంటుంది. ఇంత క్రోమియం కలిశాక అంటుకోదు. దిక్సూచి పక్కన పెట్టినా ముల్లు కదలదు.

మావయ్య: పోత అలుగుకు ఇంత పొగడ్తా? కత్తి విద్యలో మన నేలను మించింది ఎక్కడుంది చెప్పు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు వండేవారు. ఇస్ఫహాన్ వర్తకులు అంత దూరం నుంచి వచ్చి దగ్గర కూర్చుని ఆ ముద్దలు కొనుక్కుపోయేవారు. పందొమ్మిదో శతాబ్దిలో హెన్రీ వాయిసీ అనే ఆయన అక్కడికి వెళ్లి ఆ పని కళ్లారా చూసి రాశాడు. డమాస్కస్ కత్తులుగా లోకం మెచ్చిన అలుగుల్లో చాలావాటికి మన దక్షిణాది ఉక్కే ముడిసరుకు. ఆ వారసత్వం వదిలి కొకోమో లోహానికి దండం పెట్టమంటావా?

మేనకోడలు: దండం పెట్టమనడం లేదు, చుట్టరికం చూడమంటున్నాను. ఆ మూస ఉక్కులో కార్బన్ 1.5 శాతం దాకా ఉండేది. మూసలో నెమ్మదిగా చల్లారేటప్పుడు అదీ కొమ్మలు కొమ్మలుగానే గడ్డకట్టింది. అమెరికాలో వెర్హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, పెండ్రే అనే కత్తుల తయారీదారు కలిసి పనిచేసి 1998లో రాసింది ఇదే. ఖనిజంలో వనేడియం లాంటి మూలకాలు అతి కొద్దిగా ఉంటే, అవి ఆ కొమ్మల సందుల్లో చేరి, తరువాత సాగగొట్టినప్పుడు కార్బైడ్లు వరసలుగా పేరుకునేలా చేశాయి. డమాస్కస్ అలుగు మీద కనిపించే నీటి అలల లాంటి చారలు ఆ వరసలే. కోనసముద్రం ముద్దలోనూ బోయ్ పోతలోనూ మొదటి పని చేసింది లోహం గడ్డకట్టే తీరే. ఒకటి మెత్తటి ఇనుములో కార్బైడ్, రెండోది మెత్తటి కోబాల్ట్‌లో కార్బైడ్. తేడా ఒక్కటే. మన కత్తికి నూనె రాయకపోతే తుప్పు తినేసేది.

మావయ్య: ఈ పోలిక బాగుంది, కాదనను. కార్బైడ్ సంగతిలో నీ మాట నెగ్గింది. కానీ ఆ ఇనుము మన ఊరి ఇసుకలోంచి, మట్టిలోంచి వచ్చింది. నీ కోబాల్ట్ ఎక్కడిది? ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో సగానికి ఎంతో మించి ఒక్క కాంగో దేశం నుంచే వస్తోంది. అక్కడ చేతితో తవ్వే గనుల్లో పిల్లలు పనిచేస్తున్నారని 2016లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నివేదిక ఇచ్చింది. 1978లో ఆ దేశంలో షాబా ప్రాంతం మీద దాడి జరిగితే కోబాల్ట్ ధర ఆకాశానికి ఎగిరి, జెట్ ఇంజన్లవాళ్లు సైతం నికెల్ వైపు తిరిగారు. పైగా దాని దుమ్ము. అరగదీసేటప్పుడు లేచే కోబాల్ట్ ధూళి ఊపిరితిత్తులకు చేటు. కోబాల్ట్ లోహం మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం చెప్పింది. ఎవరి పిల్లలో తవ్వి, ఎవరి ఊపిరో పణంగా పెట్టి చేసిన కత్తికి తుప్పు పట్టకపోతే మాత్రం ఏం గొప్ప?

మేనకోడలు: ఈ మాటకు నా దగ్గర వాదం లేదు మావయ్యా, బాధ్యత ఉంది. దుమ్ము సంగతిలో మీరు చెప్పింది అక్షరాలా నిజం. మంచి రెస్పిరేటర్ లేకుండా, దుమ్ము లాగేసే ఫ్యాను లేకుండా ఈ లోహాన్ని ఎవరూ తాకకూడదు. నేర్చుకునే కుర్రాడికి మొదటి రోజే ఇది చెప్పని గురువు గురువు కాదు. గనుల సంగతిలో నేననేది ఒక్కటే. ఈవేళ కోబాల్ట్‌ను ఎక్కువగా మింగుతున్నవి బ్యాటరీలు. కత్తులకు పోయేది వాటి ముందు లెక్కలోకి రాదు. అయినా తక్కువ కదా అని తప్పించుకోను. కోబాల్ట్ మిశ్రలోహానికి ఒక మేలు ఉంది, కరిగించి మళ్లీ పోసుకోవచ్చు. యూరప్‌లో దహనవాటికల్లో మిగిలిన తుంటి, మోకాలి కీళ్ల లోహాన్ని సేకరించి మళ్లీ కరిగించి వాడుతున్నారు. పాత టర్బైన్ ముక్కలున్నాయి, అరిగిన వాల్వులున్నాయి. కత్తికి కావలసింది పిడికెడు లోహం. దాన్ని గని నుంచి తేవలసిన అవసరం లేదు. కొత్తగా ఈ కత్తులు చేసేవాళ్లకు నేను మొదట పెట్టే షరతు ఇదే.

మావయ్య: షరతు మంచిదే. అసలు ఈ కష్టమంతా దేనికి, ఉక్కే ఆ పని చేస్తున్నప్పుడు? 440సీలో 17 శాతం క్రోమియం ఉన్నా సముద్రంలో మచ్చలు పడతాయి. ఎందుకంటే కార్బన్ ఆ క్రోమియాన్ని పట్టుకుని కార్బైడ్లుగా మార్చేస్తుంది, తుప్పును ఆపడానికి లోహంలో కరిగి ఉండే క్రోమియం తగ్గిపోతుంది. ఈ చిక్కును కొత్త ఉక్కులు విప్పాయి. కార్బన్ బదులు నత్రజని వేశారు. జపాన్‌లో చేసిన హెచ్1 ఉక్కుతో స్పైడర్‌కో కంపెనీ ఉప్పునీటి కోసమే కత్తులు చేసింది. ఎల్‌సీ200ఎన్ అనే ఇంకో నత్రజని ఉక్కు కూడా అలాంటి కత్తుల్లోకి వచ్చింది. 2021లో లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త రూపొందించిన మాగ్నాకట్ చూడు. అందులో క్రోమియం 10.7 శాతమే. కానీ వేడి చేసి గట్టిపరిచాక క్రోమియం కార్బైడ్ మిగలదు. రాపిడికి తట్టుకునే పని వనేడియం, నియోబియం కార్బైడ్లు చూసుకుంటాయి, క్రోమియమంతా తుప్పును ఆపే పనిలోనే ఉంటుంది. అందుకే 17 శాతం ఉన్న 440సీ కన్నా అది తుప్పుకు బాగా తట్టుకుంటుంది. గట్టిదనం 60 పైన. వాదర మడతపడదు, పెచ్చులూడదు, సముద్రానికి చాలావరకు నిలుస్తుంది. మీ కోబాల్ట్‌కు ఇక ఏం మిగిలింది?

మేనకోడలు: మాగ్నాకట్ గొప్ప ఉక్కు. కత్తుల చరిత్రలో మేలు మలుపుల్లో ఒకటి. కానీ దాని గొప్పతనమంతా మీ ఫర్నేసు మీద ఆధారపడి ఉంది. టెంపరింగ్ ఎక్కువ వేడిలో చేస్తే తుప్పుకు తట్టుకునే శక్తి తగ్గుతుంది. పదును పట్టేటప్పుడు పొడి చక్రం మీద వాదర కాల్చేస్తే ఆ చివరి మైక్రాన్లలోనే గట్టిదనం పోతుంది. హెచ్1 తుప్పుకు బాగా నిలుస్తుంది. కానీ అందులో కార్బైడ్లు బహు తక్కువ, రాపిడిలో వాదర త్వరగా జారిపోతుంది. తుప్పు ఎరుగని గుణం, కార్బైడ్ పళ్లు, కాలినా చెదరని స్వభావం మూడూ ఒకేచోట ఉన్నవి కోబాల్ట్ అలుగులే. గట్టిదనం అంకె చూసి కత్తిని కొలవకూడదని, కార్బైడ్‌ను వేరుగా, దాని చుట్టూ ఉన్న లోహాన్ని వేరుగా చూడాలని కత్తులు చేసేవాళ్లకు చేతితో చూపించింది కూడా సైమనిచ్, బోయ్, మేయో లాంటివాళ్లే. ఆ ప్రశ్న వాళ్లు బల్ల మీద పెట్టారు. అందుకే వాళ్లంటే నాకు గౌరవం.

మావయ్య: గౌరవం నాకూ ఉంది. మరి ధర? ఆ లోహం రేకు ఖరీదు, పట్టీల ఖరీదు, పని గంటల ఖరీదు కలిపితే ఒక కత్తి వెలకు మంచి ఉక్కు కత్తులు చాలానే వస్తాయి. విశాఖ హార్బర్‌లో వల బాగుచేసుకునే మనిషి నూరు రూపాయల కత్తి వాడి, తుప్పు పట్టాక పారేసి ఇంకోటి కొంటాడు. ఆయనకు నువ్వు ఏం చెబుతావు?

మేనకోడలు: ఆయన లెక్క ఆయనకు సరైనదే. ఆయన్ను ఖరీదైన కత్తి కొనమని చెప్పే హక్కు నాకు లేదు. నేను చెప్పేది వేరేవాళ్లకు. వల చిక్కుకుని నీటిలో ఇరుక్కున్న మనిషిని తాడు కోసి బయటికి లాగే డైవరు ఉంటాడు. లైఫ్‌బోటులో ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని పెట్టెలో ఒక కత్తి ఉంటుంది, అవసరం పడిన రోజు మొదటి గాటుకే తాడు తెగాలి. ఆ చోట వాదర ఊరికే ఉండి పాడవకూడదు. ప్రాణం ధరతో పోలిస్తే ఆ కత్తి ధర ఎంత? ఇక మన దగ్గర దీన్ని చేయలేమా అంటే, లోహం చేయగల చెయ్యి హైదరాబాద్‌లోనే ఉంది. 1973లో పెట్టిన మిధాని అనే సంస్థ రక్షణ, అంతరిక్ష అవసరాల కోసం సూపర్ అలాయ్‌లు చేస్తోంది, కోబాల్ట్ రకాలు కూడా అందులో ఉన్నాయి. పోత పని, అరగదీసే పని తెలిసిన చిన్న షాపులు మీ బాలానగర్‌లో ఎన్ని లేవు?

మావయ్య: ఉన్నాయి. లోపం పనివాళ్లలో లేదు, అడిగేవాళ్లు లేకపోవడంలో ఉంది. సరే, నా తీర్పు చెబుతాను, నీకు నచ్చనిచోట ఆపు. వంటింటికి, పొలానికి, కటిక షాపుకి, అడవికి ఉక్కు. అక్కడ కత్తి వంగకూడదు, విరగకూడదు, సానరాయి మీద రెండు నిమిషాల్లో పదును ఎక్కాలి, చవగ్గా దొరకాలి. కడిగి తుడిచే అలవాటు ఉన్నవాడి ఇంట్లో ఉక్కుకు పోటీ లేదు. నిత్యం తడిసే చోట వాడే మనిషి కత్తిని చూసుకోగలిగితే నత్రజని ఉక్కు. చూసుకునే తీరిక లేక, ఏళ్ల తరబడి ఉప్పు తేమలో ఉండి, పిలిచిన క్షణాన కోయవలసిన చోట నీ కోబాల్ట్. అయితే లోహం తుక్కు నుంచి రావాలి, అరగదీసేవాడి ముఖానికి రెస్పిరేటర్ ఉండాలి. ఈ రెండూ లేకపోతే ఆ కత్తి ఎంత మెరిసినా నేను చేతితో ముట్టను.

మేనకోడలు: ఒక్కటి కలపండి. దానితో ఎముక కొట్టవద్దు, మూతలు తీయవద్దు అని కొనేవాడికి కాగితం మీద రాసి ఇవ్వాలి. ఈ లోహానికి వచ్చిన చెడ్డపేరులో చాలా భాగం దాన్ని గొడ్డలిలా వాడినవాళ్ల వల్ల వచ్చిందే.

మావయ్య: కలిపాను. చదివేవాళ్లకూ ఒక మాట చెబుదాం. కత్తి కొనబోయేటప్పుడు రాక్‌వెల్ అంకె ఒక్కటే అడిగి ఊరుకోకండి. అది ఏం కోస్తుంది, ఎంతసేపు తడిగా ఉంటుంది, దాన్ని తుడిచేవాళ్లు ఉన్నారా, అందులోని లోహం ఎక్కడి నుంచి వచ్చింది అని అడగండి. నూటికి తొంభైమందికి ఆ ప్రశ్నలకు జవాబు మంచి ఉక్కే అవుతుంది. మిగిలిన పదిమందిలో ఉప్పునీటి మీద బతికేవాళ్లుంటే కోబాల్ట్ అలుగు వాళ్లకు దండగ ఖర్చు కాదు.